మూడో ముడికి క్యాసెట్టు అయిపోయింది

బుక్కరాయసముద్రం బస్టాండు ఎదురుగా, సైకిల్ షాపుకూ టీ అంగడికీ నడుమ ఇరుక్కున్న గదికి 'కుళ్లాయిస్వామి వీడియో మిక్సింగ్' అని దేవుడి పేరున బోర్డు ఉండేది. ఆ గది యజమాని వీడియో కుళ్లాయప్ప తన చేతుల మీదుగా నాలుగు వందల పెళ్లిళ్లు జరిగాయని చెప్పుకునేవాడు. అందులో అబద్ధమేమీ లేదు. ముహూర్తం పెట్టేది పురోహితుడే అయినా తాళి ఎప్పుడు కట్టాలో చెప్పేది కుళ్లాయప్పే. పెళ్లికొడుకు ముడి వేయబోతుంటే "ఆగప్పా, క్యాసెట్టు మార్చల్ల" అనేవాడు. పెళ్లికొడుకు ఆగేవాడు, పురోహితుడు ఆగేవాడు, సన్నాయి ఆయన బుగ్గల్లో గాలి నింపుకుని అలాగే ఆగేవాడు. శుభఘడియ కూడా తన కోసం కాస్త ఆగుతుందనే కుళ్లాయప్ప నమ్మకం.

ముప్పై ఏళ్లు దగ్గర పడుతున్నా ఆయనకు మాత్రం పెళ్లి కాలేదు. ఎవరైనా అడిగితే "అందరి పెండ్లిండ్లు నేను తీస్తే, నా పెండ్లి తీసేదెవరప్పా? ఇంకో వీడియో ఆయప్పను నేను నమ్మను" అని నవ్వేసేవాడు. అసలు సంగతి వేరు. ఆయన మనసు ఎప్పుడో ఎర్రిస్వామి దగ్గర పడిపోయింది. ఇద్దరిదీ ఒకే ఊరు, వజ్రకరూరు దగ్గరి మల్లేలకుంట. ఎర్రిస్వామి పగలు చెనిక్కాయల మిషన్‌లో వేరుశనగ ఒలిచే పని చేసేవాడు, నాటకాల కాలం వస్తే ఆడవేషం కట్టేవాడు. జడ ముందుకు వేసుకుని పద్యం ఎత్తుకుంటే ముసలివాళ్లు కూడా చాపలు ముందుకు జరుపుకునేవారు. ఒకసారి అలాంటి నాటకాన్ని కుళ్లాయప్ప వీడియో తీశాడు. మూడు గంటల క్యాసెట్టులో ఎర్రిస్వామి తప్ప మనిషన్నవాడు కనబడడు. రాజు వేషం కట్టినాయన గద పట్టుకుని షాపు దాకా వచ్చి గొడవ పెట్టుకున్నాడు పాపం. ఆయన పద్యాలన్నీ వినబడుతున్నాయి కానీ, తెర మీద మాత్రం వింటున్న ఎర్రిస్వామి ముఖమే ఉంది.

అలా ఇద్దరి మధ్యా చాటుగా ఏడేళ్లు గడిచాక, రెండువేల సంవత్సరం ఎండాకాలంలో జయంతి ఆ షాపు మెట్లెక్కింది.

జయంతి అనంతపురంలో పుట్టి బెంగుళూరులో బతుకుతున్న మనిషి. తనతోపాటు ఒకే ఇంట్లో ఉండే సరళతో కలిసి చిన్న చిన్న సినిమాలు తీసేది. ఆడవాళ్లను ప్రేమించే ఆడవాళ్లు, మగవాళ్లను ప్రేమించే మగవాళ్లు, వాళ్ల కష్టాలు, వాళ్ల హక్కులు, అదీ ఆమె పని. అప్పట్లో అలాంటి ప్రేమకు చట్టంలో శిక్ష ఉండేది. కాబట్టి ఆ సినిమాలకు పోస్టర్లు లేవు, టికెట్లు లేవు. ఆదివారం మధ్యాహ్నం ఎవరింటి మేడగదిలోనో కిటికీలకు దుప్పట్లు కట్టి నలభై మంది చూసేవారు. క్యాసెట్టు మీద 'చింటూ పుట్టినరోజు' అని రాసి ఉండేది. బెంగుళూరులో ఎడిటింగ్ చేసే ఒకాయన నాలుగు బొమ్మలు చూసి, క్యాసెట్టు ఆమె చేతిలో పెట్టి తలుపు చూపించాడట. పెళ్లిళ్ల మిక్సింగ్ చేసేవాడైతే ఏమీ పట్టించుకోడని ఆమె ఇంతదూరం వచ్చింది.

కుళ్లాయప్ప క్యాసెట్టు పెట్టాడు. తెర మీద నెరిసిన జుట్టు మగవాళ్లిద్దరు వంటింట్లో పులుసు కాస్తున్నారు. ఒకాయన గరిటెతో కాస్త తీసి, ఊది, రెండో ఆయన అరచేతిలో పోశాడు. రెండో ఆయన నాకి, ఉప్పు చాలలేదన్నాడు. అంతే. కుళ్లాయప్ప లేచి వెళ్లి వరసగా రెండు టీలు తాగి వచ్చాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"అక్కా, ఇట్లాంటోళ్లు ఇంకా ఉండారా?" అని అడిగాడు.

"చాలామంది ఉన్నారు కుళ్లాయప్పా."

"ముసలోళ్లు అయ్యేదాంకా కూడా ఉంటారా?"

జయంతి అప్పుడు ఆయన ముఖంలోకి సరిగ్గా చూసింది.

మూడు రోజుల్లో సినిమా తయారైంది. జయంతి చూసి తల పట్టుకుంది. పులుసు పోసే చోట తెర మధ్యలో గులాబీ విచ్చుకుంది. ఉప్పు చాలలేదన్న చోట హృదయం బొమ్మ పగిలి రెండు పావురాలు ఎగిరాయి. పోలీస్ స్టేషన్ ముందు ధర్నా చేస్తున్న జనం చుట్టూ మల్లెపూల చట్రం తిరుగుతోంది.

"ఇది ఉద్యమం కుళ్లాయప్పా! ఇందులో పావురాలేంటి?"

"ఏమక్కా, ఉద్యమంలో పావురాలు ఎగరకూడదా?"

తీసేయడానికి సమయం లేదు, రేపే ప్రదర్శన. తిట్టుకుంటూ తీసుకుపోయింది. మేడగదిలో మొదటి పావురానికి జనం పగలబడి నవ్వారట, రెండో పావురానికి ఏడ్చారట. తమ ప్రేమకు కూడా పెళ్లి క్యాసెట్టులో లాగా గులాబీలు పూస్తాయని వాళ్లకు అంతవరకూ ఎవరూ చెప్పలేదు మరి. అప్పటి నుంచి జయంతి సినిమాలన్నీ బుక్కరాయసముద్రంలోనే మిక్సింగ్ అయ్యాయి. "ఆ పావురాలాయనే చేయాలి" అని బెంగుళూరు జనం పట్టుబట్టారు.

రెండువేల రెండులో వాన పూర్తిగా ముఖం చాటేసింది. విత్తనపు చెనిక్కాయలు ఇళ్లలోనే వేయించుకు తిన్నారు. ఆ రోజుల్లోనే జయంతి షాపులో కూర్చుని నిట్టూర్చింది. "ఇద్దరు మగవాళ్ల పెళ్లి తీయాలని ఉంది కుళ్లాయప్పా. నటులతో కాదు. మేళాలు మోగుతుంటే, ఊరంతా అక్షింతలు వేస్తుంటే తీయాలి. ఈ దేశంలో అది జరిగే పనేనా?"

కుళ్లాయప్ప కేబుల్ చుడుతూ తలెత్తకుండానే అన్నాడు. "జరక్కేమక్కా? మా ఊర్లో వాన రాకపోతే చేసేది అదే కదా."

నిజమే. కొన్ని ఊళ్లలో కప్పలకు చేస్తారు, కొన్ని ఊళ్లలో గాడిదలకు చేస్తారు. మల్లేలకుంటలో వాన కోసం ఇద్దరు మగపిల్లలకు పెళ్లి చేస్తారు. ఒకడికి పంచె కడతారు, ఒకడికి చీర చుడతారు. తప్పెట కొట్టి, తలంబ్రాలు పోసి, పసుపుకొమ్ము కట్టించి, ఊరంతా భోంచేస్తారు. పుట్టినప్పటి నుంచీ చూస్తున్నదే కాబట్టి కుళ్లాయప్పకు అందులో వింత కనబడలేదు. జయంతి చేతిలోని టీ మాత్రం చీర మీద ఒలికింది.

ఆ ఏడు అప్పటికే మూడుసార్లు పిల్లలకు పెళ్లి చేశారు. చుక్క రాలలేదు. ఊరి మాజీ సర్పంచు ఆంజినప్ప పంచాయితీ పెట్టాడు. కట్టుబాట్లంటే ప్రాణమిచ్చే మనిషి ఆయన.

"మూడు తూర్లు చేస్తిమి గదప్పా. ఇంకేం చేయల్ల?" అన్నాడు.

కుళ్లాయప్ప గొంతు సవరించుకున్నాడు. "పిల్లోళ్ల పెండ్లికి వానదేవుడు యాడ లేస్తాడన్నా? మీసాలొచ్చినోళ్లకు చేస్తే గదా ఆయప్పకు తగిలేది."

జనం ఆలోచించారు. మాట సబబుగానే ఉంది. పెళ్లికూతురుగా ఎవరు కూర్చుంటారని ఎవరో అడిగారు. అందరి తలలూ ఎర్రిస్వామి వైపు తిరిగాయి. ఎర్రిస్వామి అరగంట సేపు కాదన్నాడు. నాటకాల్లో కూడా అంత బాగా ఎప్పుడూ నటించలేదు. చివరికి ఊరి కోసం ఒప్పుకున్నాడు. పెళ్లికొడుకుగా ఎవరనే మాట రాగానే, "ఏం చేస్తామన్నా, ఊరి కోసరం నేనే కూసుంటా" అని కుళ్లాయప్ప బలిపశువులాగా తల వంచాడు. ఆ త్యాగానికి ఆంజినప్ప కళ్లు చెమర్చాయి.

ఇక మిగిలింది ఓబులమ్మ. ఆమె ఎర్రిస్వామి తల్లి, మొగుడు పోయాక ఒంటిచేత్తో కొడుకును పెంచింది. వానపాటలన్నీ ఆమెకే వచ్చు కాబట్టి వానపెళ్లి విషయంలో ఆమె మాటే శాసనం. అప్పటికి కొడుకుకు ముదిగుబ్బ సంబంధం ఖాయం చేసే పనిలో ఉంది. ఆ పేరెత్తితే చాలు ఎర్రిస్వామి అన్నం మానేసేవాడు, ఒకసారి నాటకాల వాళ్లతో పోయి నలభై రోజులు ఇంటికి రాలేదు. ఓబులమ్మ ఇద్దరినీ మార్చి మార్చి చూసి, నోట్లోని ఆకువక్క పక్కకు ఊసింది.

"పెద్దోళ్ల పెండ్లి అంటే ఆటలు కాదప్పా. మా అత్త చెప్పిన కట్టుబాటు ఉండాది. వాన తాళి కట్టినోళ్లు చెరువు మరవ పారేదాంకా ఒకే ఇంట్లో ఉండల్ల. అంతవరకు ఇంకో పెండ్లి మాట ఎవురూ ఎత్తగూడదు. మరవ పారినపొద్దు తాళి విప్పి నీళ్లలో ఇడవల్ల."

మరవ పారడమంటే చెరువు నిండి, కట్ట చివర నీళ్లు పొర్లడం. మల్లేలకుంట చెరువు మరవ పారి అప్పటికి పంతొమ్మిదేళ్లు. కుళ్లాయప్పకు ఆ లెక్క తెలుసు. ఎర్రిస్వామికీ తెలుసు. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా ఉండటానికి చచ్చేంత కష్టపడ్డారు.

పెళ్లి నాడు జయంతి 'బెంగుళూరు వీడియో అమ్మ'గా చిన్న కెమెరాతో దిగింది. ఎర్రిస్వామి కనకాంబరం రంగు చీరలో వచ్చి పీట మీద కూర్చున్నాడు. కుళ్లాయప్పకు నాలుగు వందల పెళ్లిళ్లూ ఒక్కసారిగా గుర్తొచ్చి, ఒక్కటీ గుర్తు లేకుండా పోయింది. అయినా వృత్తి ఊరుకోదు కదా. బాసికంతోనే ఆదేశాలు మొదలుపెట్టాడు. "అక్కా, ఎదురెండ, ఈపక్కకు రా. అక్కా, తలంబ్రాలు, దగ్గరికి లాగు. ఓబులత్త ముఖం తీసినావా? లాస్టుకు అడుగుతారు మల్ల." ఊరి వరసలో ఓబులమ్మ ఆయనకు అత్తే. చిన్నప్పటి నుంచీ ఆమె ఆయన్ని అల్లుడా అనే పిలిచేది.

ఊరి వాద్యగాడు ఈరప్ప తప్పెట అందుకున్నాడు. కుళ్లాయప్ప పసుపుతాడు తీసుకుని ఎర్రిస్వామి మెడ వెనక్కి చేతులు పోనిచ్చాడు. ఒక ముడి వేశాడు. రెండో ముడి వేశాడు. సరిగ్గా అప్పుడే జయంతి కెమెరా మీద ఎర్రదీపం మిణుకుమనడం ఆయన కంటబడింది.

"ఆగప్పా! క్యాసెట్టు మార్చల్ల!" అని అరిచాడు.

తన పెళ్లిని తానే ఆపుకున్న మొనగాడు ఆ జిల్లాలో ఆయనొక్కడే. తప్పెట ఆగింది. జయంతి కంగారుగా కొత్త క్యాసెట్టు విప్పుతోంది. ఇంతలో పడమటి నుంచి దుమ్ము లేచి పందిరి ఊగిపోయింది, ఆంజినప్ప బట్టతల మీద టపీమని ఒక చినుకు పడింది. "వాన!" అని ఊరు ఊరంతా కేక వేసింది. జనం లేచి పరుగులు తీశారు, ఆడారు, ఒకరినొకరు ఎత్తుకున్నారు. ఈరప్ప తప్పెటతో వీధిలోకి దూకాడు. మొత్తం మీద పంతొమ్మిది చినుకులు పడ్డాయని తర్వాత తేల్చారు. కొత్త క్యాసెట్టు తిరిగేసరికి పందిట్లో ఎవరూ లేరు. దుమ్ములో పెళ్లికొడుకూ పెళ్లికూతురూ ఇద్దరే కూర్చుని కడుపు పట్టుకుని నవ్వుతున్నారు. జయంతి సినిమా ఆ నవ్వుతోనే ముగిసింది.

దాన్ని బెంగుళూరు మేడగదిలో వేసినప్పుడు ఇద్దరూ వెళ్లారు. సినిమా అయ్యాక నలభై మందీ లేచి నిలబడ్డారు. ఒక బ్యాంకు ఉద్యోగి ఎర్రిస్వామి చేతులు పట్టుకుని "మీ ఊరివాళ్లు మాకు కూడా చేస్తారా?" అని అడిగాడు. "వానలేని ఊరు చూసుకో సార్" అన్నాడు ఎర్రిస్వామి. పులుసు కాసిన ముసలివాళ్లిద్దరూ మూలన కూర్చుని ఉన్నారు. వాళ్లను చూసి కుళ్లాయప్ప సంతోషంతో ఉక్కిరిబిక్కిరయ్యాడు. అప్పుడే ఆ పాడు అనుమానం పుట్టింది. నాలుగు వందల పెళ్లిళ్లు తీసిన కన్ను అది. తెర మీద ముడులు లెక్కపెట్టింది. ఒకటి, రెండు, దుమ్ము.

తిరిగొచ్చే బస్సులో చెవిలో చెప్పాడు. "ఎర్రీ, మూడో ముడి ఎయ్యలేదురా."

"నాకు తెలీదా? మెడ నాదే గదా."

"ఇంటికి పోతానే ఏసేస్తా."

"ఏసేస్తాడంట! తలుపేసుకోని ఏసేకి ఇన్నేండ్ల నుంచి చాటుమాటు సాల్లేదా? నలుగురి ముందర ఆపినావు, నలుగురి ముందరే ఏయల్ల. లేకుంటే రెండుతోనే ఉండనీ" అని ఎర్రిస్వామి కిటికీ వైపు తిరిగిపోయాడు.

కట్టుబాటు ప్రకారం కుళ్లాయప్ప ఓబులమ్మ ఇంట్లోనే మకాం పెట్టాడు. పొద్దున బుక్కరాయసముద్రం బస్సు, సాయంత్రం మల్లేలకుంట బస్సు. ఎవరైనా ఏమనగలరు? ఊరే చేసిన పెళ్లి. పైగా వానకు సంబంధించిన వ్యవహారం. ముదిగుబ్బ వాళ్లకు "మరవ పారినాక చూద్దాం" అని ఓబులమ్మ కబురు పంపింది. వాళ్లు పెద్ద పిల్లకు వేరే చోట పెళ్లి చేసి, చిన్నపిల్లను అట్టే పెట్టుకుని ఎదురుచూడసాగారు. చొక్కా కింద పసుపుతాడుతో ఎర్రిస్వామి మిషన్‌లో చెనిక్కాయలు ఒలిపిస్తూ పాటలు పాడేవాడు. అన్నం మానేయడం మాట అటుంచి, రెండు ముద్దలు ఎక్కువే తినేవాడు.

జిల్లా అంతా వాన కోసం మొక్కుతుంటే వీళ్లిద్దరికీ గుండెల్లో రాయి. అలాగని రైతుల ఉసురు పోసుకోగలరా? ఎర్రిస్వామి కొబ్బరికాయ కొట్టి న్యాయంగానే మొక్కేవాడు. "చేనుకు సరిపడా పడనీ స్వామీ. చెరువు దాంకా మాత్రం పోనీయొద్దు." స్వామి మూడేళ్లు ఆ మాట విన్నాడు.

వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికి తెలుసు. రెండువేల ఐదు అక్టోబరులో ఐదు రోజులు విడవకుండా కొట్టింది. ఆరో రోజు పొద్దున్నే "మరవ పారతాండాది!" అని కేకలు. జనం సగం మంది చెరువు కట్టకు పరుగెత్తారు, మిగతా సగం వజ్రకరూరు నేలల్లో వానకు వజ్రాలు పైకి తేలతాయని చేలకు పరుగెత్తారు. ఓబులమ్మ ఇంట్లో మాత్రం ఇద్దరు మగాళ్లు చల్లారిపోయిన కాఫీ ముందు కూర్చున్నారు. ఎర్రిస్వామి తాడును పిడికిట్లో పట్టుకుని ఉన్నాడు. కుళ్లాయప్పకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

పదిగంటలకు ఆంజినప్ప పసుపుకుంకాలతో, పదిమందితో వచ్చాడు. ముఖం వెలిగిపోతోంది. "రండప్పా, తాళి విప్పి నీళ్లలో ఇడుద్దాం. మీ రుణం తీర్చుకోలేం."

ఓబులమ్మ వాకిట్లోకి వచ్చి చేతులు కట్టుకుంది. "విప్పేముందర ఎన్ని ముడులు ఏసినారో తేల్చల్ల ఆంజినప్పా. ఏసినన్ని విప్పల్ల. తక్కువైనా తప్పే, ఎక్కువైనా తప్పే."

"మూడు గాక ఎన్ని ఏస్తారు ఓబులమ్మా?"

"క్యాసెట్టు ఉండాది గదా. చూద్దాం పా."

బెంగుళూరులో దుప్పట్లు కట్టుకుని చూసిన సినిమా, పట్టపగలు ఆంజినప్ప వసారాలో, ఆంజినప్ప టీవీలోనే పడింది. ఊరంతా తోసుకుంటూ చేరింది. "అదో నేను!" "ఆ ఎర్ర చొక్కా నాదే!" "ఆ గులాబీ ఎట్లొచ్చెరా కుళ్లాయీ?" అని ఒకటే గోల. తప్పెట కొడుతూ ఈరప్ప కనబడేసరికి గోల ఆగింది. ఆయన పోయి ఏడాదైంది. ఆయన భార్య మారెమ్మ కొంగు నోట్లో కుక్కుకుని, "ఇంకోతూరి ఎయ్యి నాయనా" అంది. కుళ్లాయప్ప ఈరప్పను మూడుసార్లు తిప్పి చూపించాడు. ఎవరూ విసుక్కోలేదు.

తర్వాత తాళి. ఆడవాళ్లు పైకే లెక్కపెట్టారు. "ఒకటి. రెండు." "ఆగప్పా! క్యాసెట్టు మార్చల్ల!" అని టీవీలో కుళ్లాయప్ప అరిచాడు. వసారా గొల్లుమంది. ఆంజినప్ప నోరు తెరుచుకుంది.

"అయితే పెండ్లే పూర్తి కాలేదా?"

"కాలేదు" అంది ఓబులమ్మ. "ప్రతి ఆదివారం వాని తలకు నూనె పెడతా ఆ మెడ చూస్తానే ఉండా. పూర్తిగాని పెండ్లిని ఎట్ల విప్పుతావప్పా? ముందర మూడో ముడి ఏయించు."

ఆంజినప్ప వేళ్లు మడిచి లెక్క చూశాడు. కట్టుబాటు మనిషి కదా, తర్కంలో తప్పు దొరకలేదు. "సరే, ఏయనీ. మరి ఈ మూడూ విప్పేదెప్పుడు?"

"మల్ల మరవ పారినప్పుడు."

"ఈతూరి పారేకే ఇరవై రెండేండ్లు పట్టె గదా ఓబులమ్మా!"

"ఏం, నీకేమన్నా తొందరుండాదా?"

ఆంజినప్ప ఓబులమ్మను చూశాడు. ఆమె వెనక నిలబడ్డ ఇద్దరినీ చూశాడు. పిడికిట్లో నలిగిన పసుపుతాడును చూశాడు. ఏదో అర్థమైనట్టు మీసం దువ్వుకుని, "నాకేం తొందరప్పా? వానలు బాగ పడతాండాయి" అన్నాడు. ఎవరో పళ్లెంలో అక్షింతలు కలిపారు. ఈరప్ప తప్పెటను మారెమ్మే తెచ్చి కొట్టింది.

కుళ్లాయప్ప ముందుకొచ్చాడు. కెమెరా సంచి గోడవారన జిప్పు వేసే ఉంది. ఎవరో "వీడియో తీయవా కుళ్లాయీ?" అని అడిగినా ఆయన వినలేదు. నలుగురి ముందర, మెడ మీద వేళ్లు ఆనించి, మూడో ముడి గట్టిగా బిగించాడు. ఎర్రిస్వామి కళ్లు మూసుకున్నాడు.

ఓబులమ్మ ఇద్దరి తలల మీదా అక్షింతలు వేసి, మెటికలు విరిచి, జనం వైపు తిరిగింది.

"ఎవురన్నా ముదిగుబ్బోళ్లకు కబురు చెప్పండప్పా. మావోనికి పెండ్లి అయిపాయనని."